గడియ చాలు

ప్రెస్సు మీది గది నుంచి,
సోమవారం.

కథలల్లే వదినకు, గీతల మరదలు రాసేది:

ముందు కూర్చో. కూర్చున్నావా? మన గడియరాణి ముఖచిత్రానికెక్కింది!

ఆఖరి పేజీలో, సబ్బు ప్రకటన కింద మిగిలిన ఇంత చోటులో పుట్టిన పిల్ల. ఎడిటరుగారు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి స్వయంగా నా గదికి వచ్చారు. "పిల్లలు పత్రికని వెనక నుంచి చదవడం మొదలుపెట్టారమ్మాయ్. అదేదో ముందే వేసేస్తే పోలా?" అన్నారు. ఆయన నోటి నుంచి ఇంతకంటే పొగడ్త రాదు. రాబట్టాలని చూస్తే ఉన్నది కూడా పోతుంది.

మొదటి వారం గుర్తుందా నీకు? కథ చివర "ఆమెకి గడియ చాలు" అని రాశావు. గడియసేపు దొరికితే ఎంత ఆపదనైనా తప్పించగలదని నీ భావం. నేను తలుపు గడియ అనుకున్నాను. వానకోటు తొడుక్కున్న ఒకావిడ చెయ్యి తాకగానే ఇనప గడియ ఊడి కింద పడినట్టు గీసి, అచ్చుకి ఇచ్చేశాను. నువ్వు ముందు తిట్టావు, తరవాత పడీపడీ నవ్వావు. "ఒసేయ్, నా కథ కంటే నీ తప్పే బాగుంది, ఉండనీ" అని రాశావు. అప్పటి నుంచి ఆవిడ ముట్టుకుంటే ఊడని గడియ లేదు, ఆ శక్తి గడియసేపు మించి ఉండదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఒక పేరులో మన రెండు గడియలూ ఇమిడిపోయాయి.

ఈ వారం ఒక పాప రాసిన ఉత్తరం చూడు. "గడియరాణిగారూ, మా బడిలో పిల్లలు నన్ను సామాన్ల గదిలో పెట్టి గడియ వేశారు. మీ పేరు అనుకుంటూ కూర్చున్నాను. టీచరు వచ్చి తీసింది. మీకు థాంక్స్." తీసింది టీచరైతే థాంక్స్ మనకా! అయినా పుచ్చుకున్నాను.

ముఖచిత్రం మీద ముక్కు నీదే, వానకోటు నీదే. అన్నయ్య గుర్తుపట్టాడా? ప్రమోషనొచ్చి కొత్త క్వార్టర్సులోకి మారాక మా గోడౌన్ దొర ఎలా ఉన్నాడు? ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కాబట్టి సగం హక్కుతో అడుగుతున్నాను, వచ్చే వారం కథ ఏదీ?

నీ మరదలు


గోడౌన్ క్వార్టర్సు, పై వాటా నుంచి,
గురువారం.

గీతలపిల్లా,

నీ ఉత్తరం చదివి నవ్విన నవ్వుకి కింది వాటా టైలరమ్మ ఏమైందోనని పైకొచ్చింది. ముఖచిత్రం చూపించాను. నా ముక్కు చూసి, బొమ్మ ముక్కు చూసి, "మీరు మా అలమారు జోలికి రాకండమ్మా, దాని గడియ అసలే వదులు" అంది. మంచి మనిషి. ఈ కొత్త చోట మాట్లాడుకోవడానికి ఆమె ఒక్కతే ఉంది.

మీ గోడౌన్ దొరకి ప్రమోషనొచ్చాక కళ్ళు నెత్తికెక్కలేదు గానీ నడుముకి తాళాల గుత్తి ఎక్కింది. లోపలికొచ్చే సరుకు, బయటికెళ్ళే సరుకు చూసీ చూసీ, ఇంటికొచ్చాక కూడా అదే పని. కిటికీ దగ్గర ఎందుకు నిలబడ్డావు? టైలరమ్మ ఎందుకొచ్చింది? ఎంతసేపు కూర్చుంది? నేను మొహం ముడుచుకుంటే, "ఊరికే అడిగానంతే" అంటారు. మీ అన్నయ్య ఊతపదం నీకు కొత్తేం కాదుగా.

మొదట్లో నవ్వొచ్చేది. ఈమధ్య ఆయన మెట్లెక్కే చప్పుడు వినగానే, ఈ రోజు ఎవరెవరితో మాట్లాడానా అని మనసులో వల్లె వేసుకుంటున్నాను. పిచ్చిదాన్ని కదూ.

పూర్తి మొగుడితోనే వేగలేక చస్తుంటే మధ్యలో నువ్వొక అర్ధమొగుడివి! కథ జత చేశాను, గీసుకో.

వదిన


ప్రెస్సు మీది గది నుంచి,
మంగళవారం.

వదినా,

కథ అదిరింది. గడియరాణి లిఫ్టులో ఇరుక్కున్న ముసలాయన్ని బయటికి తెస్తే, ఆయన గొడుగు లోపల మర్చిపోయానని మళ్ళీ పంపించడం చదివి ఎడిటరుగారు కూడా నవ్వారు. పళ్ళు కనిపించాయి.

అన్నయ్య గురించి బెంగపడకు. చిన్నప్పటి నుంచీ వాడి తీరే అంత. నా పెన్సిళ్ళ డబ్బాలో కొత్త రబ్బరు కనిపిస్తే చాలు, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, నువ్వేమిచ్చావు? నేను ఏడుపు మొదలుపెడితే "ఊరికే అడిగానంతే". వాడి ప్రేమ అలా ఉంటుంది. చూసీ చూడనట్టు పో.

నీ మరదలు


గోడౌన్ క్వార్టర్సు నుంచి,
ఆదివారం.

చిరంజీవి ఆడపడుచుకు,

మీ వదిన ఆశీర్వదించి రాయునది. మేమిద్దరం క్షేమం. నీ క్షేమం తెలుపగలవు.

ఆలస్యానికి ఏమీ అనుకోకు. నాకు ఇంటి పనితో తీరిక ఉండడం లేదు. కింది వాటావారితో మాటలు తగ్గించాను. ఊసుపోక కబుర్లు ఇంటికి మంచివి కావని మీ అన్నయ్యగారు చెప్పారు, నాకూ అదే నిజమనిపించింది.

ఇక్కడ దొంగల భయం ఉన్నదని మీ అన్నయ్యగారు తలుపుకి బయటివైపు కొత్త గడియ పెట్టించారు. మంచి ఇనుము. గోడౌనుకి వెళ్ళేటప్పుడు అది వేసి వెళ్తారు. తాళం వేస్తే ఇంట్లో ఎవరూ లేరనుకుని దొంగలు వస్తారు, గడియ చాలు అన్నారు. ఆయనకు నా మీద ఎంతో శ్రద్ధ.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నీ మాటైనా ఆయన మాటైనా నాకు ఒకటే.

కథ జత చేశాను. గడియరాణి ఒక గదిలో చిక్కుకుంటుంది. తలుపు మీద చెయ్యి వేస్తుంది. ఏమీ కాదు. గడియ బయటివైపు ఉంది, చేతికి అందదు. గదిని కాపలాదారు కాస్తుంటాడు. అతనికి ముఖం గీయవద్దు. తలుపు సందులోంచి అతని మాట మాత్రం వినిపించాలి. "కిటికీ దగ్గర ఎందుకు నిలబడ్డావు? ఊరికే అడిగానంతే."

ఇట్లు,
మీ వదిన


ప్రెస్సు మీది గది నుంచి.

వదినా,

ఇది పోస్టు చెయ్యని ఉత్తరం. చేస్తే నీకంటే ముందు ఎవరు చదువుతారో నాకు తెలిసిపోయింది. నీ కవరు మీద చిరునామా అన్నయ్య చేతిరాత. అంచు ఒకసారి విప్పి మళ్ళీ అంటించినట్టు ముడతలు పడి ఉంది; కాపలాదారు మాట ఉన్న చివరి వాక్యం ఇరికించి ఉంది, వాడు చదివి అంటించాక నువ్వు విప్పి చేర్చినట్టుంది.

పెళ్ళైన వారం నుంచీ నన్ను "ఒసేయ్" అన్నదానివి, ఎప్పుడైనా చిరంజీవి అన్నావా? గోడౌన్ దొరకి "గారు" ఎక్కడి నుంచి వచ్చింది? చదవగానే ముందు నీ మీదే కోపం వచ్చింది. మా అన్నయ్యని దుర్మార్గుణ్ణి చేసి కథలో పెడుతుందా అనుకున్నాను. వాడు నాకు సైకిలు నేర్పినవాడు. పడతానేమోనని వీధి చివరి దాకా వెనకాలే పరిగెత్తినవాడు. వాడు అలాంటివాడు కాదని నీకొక పెద్ద ఉత్తరం రాసి, చించేశాను.

తరవాత బొమ్మ వెయ్యడానికి కూర్చున్నాను. తలుపుని లోపలి నుంచి గీయాలి. గీశాను. నున్నటి చెక్క. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ చెక్కకి ఎదురుగా నీ ముక్కున్న మనిషిని, నీ వానకోటున్న మనిషిని నిలబెట్టాను. అప్పుడు నాకు భయం వేసింది వదినా. మనిషి ఇంట్లో ఉండగా బయట గడియ వేసి పోతున్నాడు మా అన్నయ్య. అది శ్రద్ధ అనుకుంటున్నాడు, నీ చేత అలాగే రాయిస్తున్నాడు.

ఇప్పుడే బస్సెక్కి వచ్చెయ్యాలని ఉంది. కానీ వాడు ఇంట్లో ఉంటే నాకు టీ ఇప్పించి, కబుర్లు చెప్పి, మర్యాదగా తిరుగు బస్సెక్కిస్తాడు. ఆ తరవాత నిన్నేమంటాడు? పోనీ, వాణ్ణి వదిలి వచ్చేయమని చెప్పడానికి నేనెవర్ని? నీ నోటి నుంచి వినాలి. నీ నోటికి వాడు చెయ్యి అడ్డం పెట్టి ఉన్నాడు. మింగలేక కక్కలేక ఉన్నాను.

ఒకటి మాత్రం చేశాను. కాపలాదారు మాట అచ్చులోకి పోనివ్వలేదు. అన్నయ్య పత్రిక తిరగేసి తన ఊతపదం చూసుకుంటే నీ గతేమిటి? మాటల బెలూను గీసి, లోపల ఖాళీ వదిలేశాను.


ప్రెస్సు మీది గది నుంచి,
బుధవారం.

వదినకు,

కథ చేరింది. కవరు మీద అన్నయ్య రాత చూసి మురిసిపోయాను. మన బొమ్మల మీద వాడికింత శ్రద్ధ ఎప్పుడొచ్చిందో! కొత్త గడియ సంగతి కూడా అర్థమైంది. బాగా అర్థమైంది.

కాపలాదారు బెలూనులో అక్షరాలకి చోటు చాల్లేదు. ఖాళీగా వదిలాను. ఎడిటరుగారు అరిచి గీపెట్టారు, మళ్ళీ గీసే వ్యవధి లేక అలాగే అచ్చుకి పోయింది.

ఇంకో మాట. ఆడబిడ్డ సామెత కట్టినావిడెవరో గానీ, ఆవిడ ఆడబిడ్డకి బొమ్మలు గీయడం రాదు. నీ ఆడబిడ్డకి వచ్చు.

గడియరాణి ఆ గదిలో ఏం తింటోంది, ఎలా ఉంటోంది, అతను చెయ్యి చేసుకుంటున్నాడా, అన్నీ వివరంగా రాయి. గీసేదాన్ని, నాకు తెలియాలి.

నీ మరదలు


గోడౌన్ క్వార్టర్సు నుంచి,
శనివారం.

చిరంజీవి ఆడపడుచుకు,

క్షేమం. నువ్వడిగిన వివరాలు రాస్తున్నాను.

గడియరాణిని ఎవరూ కొట్టలేదు. వేళకి అన్నీ ఉన్నాయి. అందుకే ఎవరికైనా చెప్పుకుందామన్నా ఏమని చెప్పాలో తెలియడం లేదు. కాపలాదారు మంచిగానే మాట్లాడతాడు. ప్రశ్నకి ఆమె జవాబు చెబితే ఆ జవాబులోంచి ఇంకో ప్రశ్న తీస్తాడు. ఆమె గొంతు తగ్గించి మాట్లాడడం అలవాటు చేసుకుంది. తరవాత మాట్లాడడమే తగ్గించింది. ఒకరోజు అద్దంలో చూసుకుంటే తనకి అసలు శక్తులు ఉండేవా, ఎవరో గీసినవా అని అనుమానం వచ్చింది. ఈ బొమ్మ గడి కాస్త పెద్దదిగా గీయి.

ఇట్లు,
మీ వదిన

తా.క. చెల్లీ, నేను అన్నయ్యని. ఈ వారం పత్రిక చూశాను. కాపలావాడు మాట్లాడేచోట ఖాళీ ఉందేం? మీ వదిన అక్కడ ఏమని రాసింది? ఊరికే అడిగానంతే.


ప్రెస్సు మీది గది నుంచి,
మంగళవారం.

అన్నయ్యకు, వదినకు,

అన్నయ్యా, "జాగ్రత్త" అని రాసింది. ప్రెస్సువాళ్ళ నిర్వాకం వల్ల అచ్చు పడలేదు. నువ్వు బొమ్మల పత్రిక చదవడమే నాకు పెద్ద వార్త!

వదినా, సంగతి తేల్చేయాలి. గడియరాణి ఇంకా గదిలోనే ఉండేసరికి పిల్లలు విసుగెత్తిపోయారు. "ముట్టుకుంటే గడియలు ఊడేవి కదా, ఈవిడకేమైంది?" అని ఉత్తరాలు. ఎడిటరుగారు నా బల్ల మీద గుద్ది చెప్పారు. ఇంకొక్క వారం. ఆమె బయటికొస్తే సరేసరి, రాకపోతే గడియరాణికి మంగళం పాడి ఆ పేజీలు ఇంకెవరికో ఇస్తారట. అది ఆగితే మనిద్దరికీ రాసుకోవడానికి ఏం మిగులుతుంది?

అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ఆవిడకి నిజంగా బయటికి రావాలని ఉందా? నా అంతట నేను కథ మార్చను. నువ్వు ఏది రాస్తే అదే గీస్తాను. ఉండిపోతానన్నా సరే, గీస్తాను. కానీ నువ్వే రాయాలి.

మీ చెల్లెలు, మరదలు


గోడౌన్ క్వార్టర్సు నుంచి,
శుక్రవారం.

చిరంజీవి ఆడపడుచుకు,

ఆఖరి కథ పంపుతున్నాను. మీ అన్నయ్యగారు చదివారు. ఆమె ఉన్నచోటే ఉండి, వచ్చినవారికి బుద్ధులు చెప్పే కథ అయితే బాగుంటుందన్నారు. ఆలోచించాను, కానీ పిల్లలకి నచ్చదేమోనని ఇలా రాశాను.

గడియరాణి కిటికీ దగ్గరికి కూడా వెళ్ళడం మానేసింది. ఉండిపోతే సరిపోతుంది కదా అనుకుంది. ఒకరోజు వాన వచ్చింది. మేకుకి తగిలించిన వానకోటు తీసి తొడుక్కుంది. ఇంట్లోనే. గుండీలన్నీ పెట్టుకుంది. బయటికెళ్ళాలని ఇంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు ఆమెకి. తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

చివరి గడిలో ఒకే మాట ఉండాలి. "గడియ చాలు." మొదటి వారం రాసిన మాటే. అప్పుడు నువ్వు ఎలా అర్థం చేసుకుని గీశావో, అచ్చం అలాగే గీయి. వేరేలా గీయవద్దు.

అచ్చయిన పత్రిక వెంటనే పంపనక్కరలేదు. నెలలో ఆఖరి శనివారం మీ అన్నయ్యగారికి గోడౌనులో సరుకు లెక్క. పొద్దున వెళ్తే చీకటిపడితే గానీ రారు. టపా తీసుకునేవారు ఉండరు.

ఇట్లు,
మీ వదిన


గోడౌన్ క్వార్టర్సు నుంచి,
ఆదివారం.

చెల్లీ,

నిన్న సరుకు లెక్క ముగించుకుని ఇంటికొస్తే గడియ నేను వేసినట్టే వేసి ఉంది. తీసి చూస్తే మీ వదిన లోపల లేదు. తలుపుకి ఎదురుగా కుర్చీ ఒకటి ఉంది. వానకోటు లేదు. మిగతా సామానంతా లెక్కకి సరిపోయింది.

వేసిన గడియ వేసినట్టుండగా మనిషి ఎలా బయటికి పోతుంది? కింది టైలరావిడని అడిగితే కుట్టుమిషను ఆపకుండా "నాకేం తెలుసు" అంటోంది.

నేను తనకేం తక్కువ చేశాను? నీ దగ్గరికి ఏమైనా వచ్చిందా? ఊరికే అడిగానంతే.

అన్నయ్య


ప్రెస్సు మీది గది నుంచి,
బుధవారం.

గోడౌన్ సూపర్‌వైజరుగారికి,

మీ చెల్లెలికి రాసిన ఉత్తరానికి నేను జవాబిస్తున్నాను. ఇది ఎవరో చూసి పంపుతున్నది కాదు.

నేను ఇక్కడే ఉన్నాను. గడియ వేసి ఉండగా ఎలా వచ్చానని ఆశ్చర్యపోయారు. నాకు శక్తులేమీ లేవు. మీ చెల్లెలు బస్సు దిగి, మెట్లెక్కి, గడియ తీసింది. అంతే. బయట నిలబడినవాళ్ళకి అది చిటికెన వేలు పని. టైలరమ్మ ఆ తలుపు ముందు నుంచి రోజూ వెళ్ళేదట. తీద్దామనుకుని, ఇంటి విషయం మనకెందుకని ఊరుకునేదట. నిన్న కాదు మొన్న ఇక్కడికి వచ్చి, ఆ మాట చెప్పి ఏడ్చింది. నాకు ఆమె మీద కోపం లేదు.

తలుపు తెరుచుకున్నాక కూడా నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఎవరడిగితే ఏం చెప్పాలా అని వల్లె వేసుకుంటున్నాను. మీ చెల్లెలు గడప అవతలే నిలబడి, "ఒసేయ్ వదినా, నువ్వు లేస్తే గానీ నేను చివరి గడి గీయలేను" అంది. నవ్వొచ్చింది. ఆ నవ్వుతో లేచాను. బయటికొచ్చాక గడియ మళ్ళీ వేయమన్నది నేనే. మీరు వేసింది మీకు అలాగే దొరకాలనిపించింది. ఎండలో వానకోటు వేసుకుని బస్సెక్కితే జనం వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

నాకేం తక్కువ చేశారని అడిగారు. నేను కిటికీ దగ్గర నిలబడితే అది నా ఇష్టం కావాలి. అది తక్కువైంది.

ఆడబిడ్డ అర్ధమొగుడన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఎడిటరుగారు గడియరాణిని ఆపడం లేదు. ఇక మీదట కథలు ఈ బల్ల దగ్గర కూర్చునే రాస్తాను.

ఈ గది తలుపుకి గడియ లోపలివైపు ఉంది. మీరు వచ్చి తట్టవచ్చు. తీయాలో వద్దో నేను చూసుకుంటాను.

గడియరాణి కథారచయిత్రి

తా.క. అన్నయ్యా, నేను చెల్లిని. మనిషి లోపల ఉందని తెలిసీ ఆ గడియ రోజూ ఎందుకు వేసి వెళ్ళావు? ఊరికే అడగడం లేదు.